మన బొమ్మలు గూగుల్‌కి దొరకాలంటే

పాత ఇత్తడి గంగాళానికి ‘అమ్మమ్మ దీవెన’ అని పేరు పెట్టి అమ్మకానికి ఉంచిన ఒక చెల్లెలు ఈమధ్య నాకు తన వెబ్‌సైటు చూపించింది. ఫొటో ముచ్చటగా ఉంది. కింద నాలుగు వాక్యాల్లో వాళ్ల అమ్మమ్మగారి పెరడు, నూతి గట్టు, పండగ పూట తలంట్లు అన్నీ ఉన్నాయి. ఇత్తడి అన్న మాట మాత్రం లేదు. గంగాళం అన్న మాటా లేదు. ఎత్తెంతో, మూతి వెడల్పెంతో, ఎన్ని కిలోలుంటుందో లేదు. “ఆర్నెల్లయిందక్కా, ఒక్కరూ అడగలేదు” అంది దిగులుగా. అడగాలనుకునేవాళ్లు ఉన్నారు. డల్లాస్‌లో గుమ్మం పక్కన నీళ్లు పోసి పూలు వేసుకోవడానికి పెద్ద ఇత్తడి పాత్ర కావాలనుకునే ఆవిడ ఉంది. ఆవిడ గూగుల్‌లో ‘అమ్మమ్మ దీవెన’ అని వెతకదు. వెడల్పు మూతి పాత్రకి వాడే ‘ఉరుళి’ అన్న మాటతో, ‘పాత ఇత్తడి ఉరుళి, పెద్దది’ అని ఇంగ్లీషులో కొడుతుంది. ఆ మాటలు పేజీ మీద ఎక్కడా లేకపోతే ఆ గంగాళం ఆవిడ కంట పడే దారే లేదు.

నేను అనకాపల్లి నుంచి ఏటికొప్పాక లక్క బొమ్మలు, పాత ఇత్తడి, కంచు సామాను ఆన్‌లైన్‌లో అమ్ముతాను. అంతకుముందు శిల్పారామం లాంటి చోట్ల మేళాల్లో స్టాలు పెట్టేదాన్ని. చేత్తో చేసిన వస్తువుల్నీ, పాత వస్తువుల్నీ నెట్‌లో అమ్ముకునేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి చేతిలో పని ఉంది, సరుకు నిజమైనది, ఫొటో తియ్యడమూ వచ్చు. ఏటికొప్పాకలో మాకు బొమ్మలు చేసిచ్చే బాబాయి అడిగినట్టు, “నెట్‌లో ఎట్టేసినాం గదమ్మా, మరి ఎవులూ సూడరేటి?” అన్నదగ్గరే ఆగిపోతున్నారు. నాకు తెలిసిన జవాబు ఇది: స్టాలు దగ్గర నిలబడి కొనేవాళ్లు ఏం అడుగుతారో, దానికి మనం నోటితో ఏం చెబుతామో, అదంతా పేజీ మీదకి రావాలి. మిగతా మెళకువలన్నీ దీని తర్వాతే.

ముందు గూగుల్ ఏం చేస్తుందో చూద్దాం. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం ఒక లింకు పట్టుకుని ఇంకో పేజీకి, అక్కణ్ణించి మరో పేజీకి తిరుగుతూ, చదివినదాన్ని ఒక పెద్ద సూచికలోకి ఎక్కిస్తుంది. మనం ఏదైనా అడిగినప్పుడు గూగుల్ అప్పటికప్పుడు ఇంటర్నెట్టంతా గాలించదు, ఆ సూచికలో చూసి చెబుతుంది. కాబట్టి మన పేజీ ముందు దాని కంట పడాలి, తర్వాత సూచికలోకి ఎక్కాలి, ఆ తర్వాతే వరసలో ముందుకి రావడం. మొదటి రెండూ జరిగాయో లేదో చూసుకోకుండా మూడోదాని గురించి బెంగపడేవాళ్లే ఎక్కువ. చూసుకోవడం తేలిక. గూగుల్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైటు చిరునామా రాయండి. సూచికలో ఉన్న మీ పేజీలు కనిపిస్తాయి. ఒక్కటీ రాకపోతే గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో మీ సైటు నమోదు చేసి, పేజీల జాబితా, అంటే సైట్‌మ్యాప్, ఇవ్వాలి. సైటు కట్టిచ్చినవాళ్లు పని సాగుతున్నప్పుడు ‘సెర్చ్ ఇంజన్లు రాకూడదు’ అన్న గడి టిక్కు పెట్టి, పని అయ్యాక తియ్యడం మర్చిపోవడం కూడా జరుగుతుంటుంది. అది కూడా అడిగి చూడండి.

పేజీ సూచికలోకి ఎక్కించడానికి గాని, మామూలు ఫలితాల్లో ముందు పెట్టడానికి గాని గూగుల్ డబ్బు తీసుకోదు. డబ్బు తీసుకునేది ప్రకటనలకి, అవి వేరే గుర్తుతో కనిపిస్తాయి. “మొదటి పేజీ గ్యారంటీ, నెలకింత” అంటూ చిన్న వ్యాపారులకి ఫోన్లు వస్తుంటాయి. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. బొమ్మలమ్మి కూడబెట్టుకున్న డబ్బు అలా పోగొట్టుకున్నవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇక ప్రశ్నల సంగతి. మేళాల్లో బొంగరం చేతిలోకి తీసుకున్న తల్లి మొట్టమొదట అడిగేది, “ఇది ఏ చెక్కండీ?” ఆ తర్వాత, “రంగు పోతుందా?” వెంటనే, “మావాడు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు, ఏం కాదు కదా?” ఇత్తడి సామాను దగ్గరికి వచ్చినవాళ్లయితే, “ఇత్తడా, కంచా?” “లోపల కళాయి ఉందా?” “ఇందులో చింతపండు పులుసు కాచొచ్చా?” “ఎన్ని లీటర్లు పడుతుంది?” ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఇలాంటివి రాసుకోవడం నాకు అలవాటు. ఆన్‌లైన్‌కి వచ్చాక ఆ పుస్తకమే నాకు పెట్టుబడి అయింది. స్టాలు ముందు నోటితో అడిగినవాళ్లే ఇంట్లో కూర్చుని గూగుల్‌ని అడుగుతారు. మాటలు కాస్త అటూ ఇటూ, ప్రశ్న మాత్రం అదే.

అందుకని నా బొంగరాల పేజీలో ఇలాంటివి రాస్తాను. ఇవి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో చేసినవి. చెక్క అంకుడు చెక్క, తేలికగా, మెత్తగా ఉంటుంది. తరిణి మీద చెక్క గిర్రున తిరుగుతుంటే దానికి లక్క కర్ర ఆనించి నొక్కుతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కని పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. రంగులు పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటివాటి నుంచి తీసినవి. బొంగరం ఎత్తు, చుట్టుకొలత, బరువు సెంటీమీటర్లలో, గ్రాముల్లో, విదేశాల వాళ్ల కోసం అంగుళాల్లో కూడా. తడిలో నానబెట్టకూడదు, పొడిగుడ్డతో తుడవాలి. ఇంత రాస్తే ఎవరు చదువుతారని అడుగుతుంటారు. కొనబోయేవాళ్లు చదువుతారు. వాళ్లకంటే ముందు గూగుల్ చదువుతుంది. ‘లక్క పూత చెక్క బొంగరం, సహజ రంగులు’ అని ఎవరైనా వెతికితే సరిపోయే మాటలన్నీ ఆ పేజీలో వాటంతటవే ఉన్నాయి. తెచ్చి అతికించినది ఒక్కటీ లేదు.

అతికించడం అన్నాను కాబట్టి చెప్పాలి. పేజీ అడుగున ‘చెక్క బొమ్మలు, మంచి చెక్క బొమ్మలు, చవక చెక్క బొమ్మలు’ అని పదేపదే రాసే పద్ధతి ఒకటి ఇప్పటికీ నేర్పుతున్నారు. దాన్ని గూగుల్ మోసం కిందే లెక్కగడుతుంది. పేజీ కోడ్‌లో కనపడకుండా పెట్టే ‘మెటా కీవర్డ్స్’ని వెబ్ ఫలితాల వరసకి అసలు పట్టించుకోనని 2009లోనే ప్రకటించింది. ఈమధ్య కృత్రిమ మేధ చేత వందల కొద్దీ వివరణలు రాయించి పెట్టడం ఎక్కువైంది. వరసలో ముందుకి రావడం కోసమే పేజీల్ని కుప్పలుగా తయారుచేసి పెట్టడాన్ని 2024 మార్చిలో గూగుల్ తన నిషేధాల జాబితాలో చేర్చింది. అంతకంటే నన్ను బాధించేది వేరే ఉంది. ఆ కృత్రిమ మేధ అంకుడు చెక్క బొమ్మకి ‘టేకు’ అని రాసేస్తుంది, లక్క పూతకి ‘పెయింట్’ అంటుంది. ఆ బొమ్మ చేసిన మనిషి పనిని అది చెరిపేస్తోంది. ఇంగ్లీషు దిద్దించుకోవడానికి వాడుకోండి. సంగతులు మాత్రం మీరే చెప్పండి, వచ్చినదాన్ని ఒక్కో మాటా చూసుకోండి.

ఊరి పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలన్నది ఇంకో చిక్కు. ఏటికొప్పాకని కొందరు ‘ఇ’తో మొదలుపెడతారు, కొందరు ‘వై’తో. ‘పి’ ఒకటా రెండా, ‘కె’ ఒకటా రెండా అన్నదాంట్లో ఎవరి లెక్క వాళ్లది. నేను భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) పత్రంలో ఉన్న వర్ణక్రమాన్నే శీర్షికలోనూ పేజీ చిరునామాలోనూ వాడతాను. రెండో రూపం వివరణలో ఒక్కసారి, ‘ఇలా కూడా రాస్తారు’ అని పెడతాను. తెలుగు లిపిలో పేరు కూడా తప్పకుండా ఉంటుంది. ఫోనులో తెలుగులో నోటితో అడిగి వెతికేవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు. కొండపల్లి, పెంబర్తి, చేర్యాల, పెడన, ఉప్పాడ, ఏ ఊరి పనివాళ్లకైనా ఇది వర్తిస్తుంది. ఊరి పేరు దాచి ‘ఎత్నిక్ ఇండియన్ క్రాఫ్ట్’ అని రాసుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద నష్టం. ‘వుడెన్ టాయ్స్’ అన్న మాట మీద పెద్ద పెద్ద కంపెనీలు కూర్చుని ఉన్నాయి, అక్కడ మనకి చోటు దొరకదు. ఊరి పేరుతో వెతికేవాళ్లు తక్కువమందే. కానీ వాళ్లకి ఏం కావాలో వాళ్లకి తెలుసు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొంటారు.

పైగా ఆ పేర్లు ఒక్కోసారి వార్తల్లోకి వస్తాయి. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో వాటి గురించి మాట్లాడారు. సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటమే ఏటికొప్పాక బొమ్మలు. ఇలాంటి రోజుల్లో ఆ పేరు ఎన్నడూ వినని వాళ్లు కూడా వెతుకుతారు. ఆరోజు కూర్చుని పేజీ రాస్తే లాభం లేదు. సూచికలోకి ఎక్కడానికే రోజులు పట్టొచ్చు, ఒక మార్పు ఫలితం కనపడటానికి నెలలు కూడా పట్టొచ్చు. పేజీ ముందే ఉండాలి.

సొంత సైటు లేకుండా ఎట్సీలో అమ్మేవాళ్లూ చాలామందే. 2005లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదలైన ఈ ఆన్‌లైన్ సంత చేతిపనికీ పాత వస్తువులకీ ప్రత్యేకం. దాని లోపల వెతికే యంత్రం దానికి వేరే ఉంది. అక్కడ శీర్షికకి 140 అక్షరాలు, దాంతోపాటు 13 ట్యాగులు, ఒక్కో ట్యాగుకి 20 అక్షరాలు ఇస్తారు. 13 గళ్లూ నింపండి, ఒంటి మాటలతో కాకుండా రెండు మూడు మాటల పదబంధాలతో. ‘బొమ్మ’ అన్న ట్యాగు దండగ. ‘లక్క బొంగరం’, ‘కొలువు బొమ్మ’, ‘పసిపిల్లల గిలక’ అంటే పని చేస్తాయి, వాటిని ఇంగ్లీషులో పెట్టాలన్నది తెలిసిందే. ఒకే మాటని అటూ ఇటూ తిప్పి, ఏకవచనం ఒకటి, బహువచనం ఒకటి పెట్టనక్కర్లేదు, ఆ తేడా ఎట్సీ తనే చూసుకుంటుంది. రంగు, సామగ్రి, సందర్భం అడిగే గళ్లు వేరే ఉంటాయి. అవి కూడా ట్యాగుల్లాగే పనికొస్తాయి కాబట్టి ఖాళీ వదలకండి, అక్కడ చెప్పినదాన్ని మళ్లీ ట్యాగులో చెప్పి చోటు పాడుచేసుకోకండి. శీర్షికలో వస్తువేమిటో మొదటి నాలుగైదు మాటల్లోనే తేలిపోవాలి, ఫోను తెర మీద చివరి మాటలు కనపడవు. ‘అమ్మమ్మ దీవెన’ లాంటి పేరు మీద మమకారం ఉంటే వివరణలో పెట్టుకోండి, అక్కడ దాని అందం దానికుంటుంది.

ఎట్సీలో పెట్టిన వివరణనే కాపీ చేసి సొంత సైటులోనూ, ఇంకో రెండు సంతల్లోనూ పెట్టేవాళ్లున్నారు. దానికి గూగుల్ శిక్షేమీ వెయ్యదు. అయితే ఒకేలా ఉన్న పేజీల్లో ఒకదాన్నే ఎంచుకుని చూపిస్తుంది. అది చాలావరకు పెద్ద సంత పేజీయే అవుతుంది. సొంత సైటు ఎదగాలంటే దాని కోసం వేరేగా, ఇంకొంచెం వివరంగా రాయడం ఒక్కటే దారి.

ఫొటోల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫోను ఇచ్చిన అంకెల పేరుతో కాకుండా, ఫైలుకి వస్తువు పేరు పెట్టి ఎక్కించండి. ‘ఆల్ట్ టెక్స్ట్’ అన్న గడిలో ఫొటోలో ఏముందో ఒక వాక్యం రాయండి. అది ముందు చూపులేనివాళ్ల కోసం, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే యంత్రాల కోసం పుట్టింది. గూగుల్ ఇమేజెస్‌కీ అదొక ముఖ్య ఆధారం. వాట్సాప్‌లో అటూ ఇటూ పంపుకుని నలిగిన ఫొటోలు వాడొద్దు. అలాగని కెమెరా నుంచి వచ్చిన పెద్ద ఫైలు ఉన్నదున్నట్టు పెడితే పల్లెలో ఫోను మీద పేజీ తెరుచుకోదు. గూగుల్ మన సైటుని ఫోనులో కనిపించే రూపాన్ని బట్టే చదువుతుంది కాబట్టి, మీ పేజీని మీరు కూడా ఫోను మీదే తెరిచి చూసుకోండి.

పాత సామాను అమ్మేవాళ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు. ఎట్సీలో ‘వింటేజ్’ అనాలంటే వస్తువుకి కనీసం 20 ఏళ్లుండాలి. ‘యాంటిక్’ అన్న మాట వెతికేవాళ్లని బాగా లాగుతుంది, అందుకని నిన్నమొన్నటి చెంబుకి కూడా ఆ మాట తగిలిస్తున్నారు. మన దేశంలో 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులు, చేతిపని వస్తువులు పురావస్తువుల కిందకి వస్తాయి. వాటిని ప్రైవేటు మనుషులు విదేశాలకు పంపకూడదు, దేశంలో వాటి వ్యాపారం చెయ్యాలన్నా లైసెన్సు కావాలి. కాబట్టి నిజంగా నూరేళ్ల వస్తువైతే చట్టం అడ్డు, కాకపోతే మీరు రాసినది అబద్ధం. పాతదే గానీ పురావస్తువు కాదని నిర్ధారించే పత్రం భారత పురావస్తు శాఖ ఇస్తుంది. ‘1970ల నాటి ఇత్తడి కూజా, అడుగున చిన్న సొట్ట ఉంది’ అని ఉన్నదున్నట్టు రాయండి. ఏ దశాబ్దానిదో, ఏ లోపముందో చెబితే వెతికేవాళ్లు నమ్ముతారు. దశాబ్దం పేరు పెట్టి వెతికే సేకర్తలూ ఉన్నారు.

రెండోది, పాత వస్తువు ఒక్కటే ఉంటుంది. అమ్ముడవగానే పేజీ తీసేస్తే, ఆ పేజీ నెలల తరబడి సంపాదించుకున్న కాస్త చోటూ పోతుంది. నేను తియ్యను. ‘అమ్ముడైంది’ అని రాసి, ‘ఇలాంటి ఇత్తడి పాత్రలు ఇక్కడున్నాయి’ అని వర్గం పేజీకి లింకు పెడతాను. సరుకు వస్తూ పోతూ ఉంటుంది, వర్గం పేజీ నిలకడగా ఉంటుంది. అందుకే ‘పాత ఇత్తడి వంట పాత్రలు’ అన్న వర్గం పేజీ మీదే ఎక్కువ శ్రమ పెడతాను. ఇత్తడిని కంచు నుంచి ఎలా పోల్చుకోవాలి, కళాయి ఎందుకు వేయిస్తారు, పులుపు పదార్థాలు కళాయి లేని ఇత్తడిలో ఎందుకు వండకూడదు, చింతపండుతో ఎలా తోమాలి, ఇవన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. కొననివాళ్లు కూడా ఆ సంగతుల కోసం వస్తారు. వచ్చినవాళ్లలో కొందరు దాన్ని తమ వంటల సైట్లలో ప్రస్తావించి లింకు ఇస్తారు.

ఆ లింకులకి విలువుంది. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ 1998లో గూగుల్ పెట్టినప్పుడు వాళ్ల మూల సూత్రమే అది. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇస్తున్నారు, ఆ ఇచ్చేవాళ్లకి ఎంత పరపతి ఉంది అన్నది లెక్కగట్టడం. అందుకే లింకులు అమ్మే వ్యాపారం పుట్టింది, 2012లో ‘పెంగ్విన్’ అన్న మార్పుతో గూగుల్ దాన్ని గట్టిగా దెబ్బకొట్టింది. కొనకండి. మీ బొమ్మల మీద రాసిన పత్రికని, మీరు స్టాలు పెట్టిన మేళా నిర్వాహకుల్ని, మీ దగ్గర కొని కొలువులో పెట్టుకుని ఫొటోలు పంచుకున్నావిడని లింకు పెట్టమని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది పెడతారు.

పండగల లెక్క కూడా ఉంది. మన ఇళ్లలో బొమ్మల కొలువు కొందరు సంక్రాంతికి పెడతారు, కొందరు దసరాకి. అమెరికాలో ఉన్నవాళ్లు దసరా కొలువుకి బొమ్మలు తెప్పించుకోవాలంటే పార్శిలు ప్రయాణానికే వారాలు పడుతుంది, అందుకని వాళ్లు చాలా ముందే వెతకడం మొదలెడతారు. తమిళుల ‘గోలు’ అన్న మాటతో వెతికేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. గూగుల్ ట్రెండ్స్‌లో ఒక మాట కొట్టి, దేశాన్ని ఎంచుకుని, గత అయిదేళ్ల గీత చూస్తే ఏటా ఏ వారంలో అది పైకి లేస్తోందో తెలుస్తుంది. ఆ గీత లేవడానికి కనీసం రెండు నెలల ముందు మీ కొలువు పేజీ సిద్ధం చెయ్యండి. ఏటా కొత్త పేజీ తెరవకండి, చిరునామాలో సంవత్సరం లేకుండా ఒకటే ఉంచి దాన్నే దిద్దుకుంటూ పోండి.

నెలకోసారి సెర్చ్ కన్సోల్ తెరిచి, ఏ మాటలు వెతికినప్పుడు మన పేజీ కనిపించింది, ఎందరు నొక్కారు అన్నది చూడాలి. 16 నెలల లెక్క అందులో ఉంటుంది. నేను ముఖ్యంగా చూసేది, ఎక్కువసార్లు కనపడి కూడా ఎవరూ నొక్కని మాటల్ని. ‘కళాయి పోసిన ఇత్తడి గిన్నె’ అని వెతికినవాళ్లకి నా పేజీ కనిపిస్తోంది, ఎవరూ రావట్లేదంటే, శీర్షికలో కళాయి మాట లేదన్నమాట. చేరిస్తే సరి. నా దగ్గర లేని వస్తువు కోసం వెతికి వచ్చినవాళ్లూ కనపడతారు. ‘చెక్క గిలకలు, మూడు కలిపి’ అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ సంగతి ఏటికొప్పాక చేరవేస్తాను. బాబాయి చేతిలో పడితే అది నాలుగు రోజుల్లో నమూనా అయి వస్తుంది.

ఇదంతా చేశాక వచ్చే ఇబ్బంది ఒకటుంది, దానికి ముందే సిద్ధపడాలి. పేజీ కనపడటం మొదలయ్యాక ఆర్డర్లు ఒక్కసారిగా వస్తాయి. తరిణి మీద పని చేసే చెయ్యి మాత్రం రెండింతలు కాదు. వానాకాలంలో చెక్క ఆరదు, లక్క పని నెమ్మదిస్తుంది. ఒప్పుకున్న తేదీకి పంపలేకపోతే వచ్చే చెడ్డ సమీక్షల్ని ఎట్సీ వరస నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకుంటుంది, గూగుల్ ద్వారా వచ్చినవాళ్లు కూడా ముందు చదివేది వాటినే. కాబట్టి ఎన్ని ముక్కలు ఉన్నాయో అన్నే పెట్టండి. చేసిచ్చే వస్తువైతే ఎన్ని వారాలు పడుతుందో చేసే మనిషినే అడిగి, ఆయన చెప్పినదానికి ఒక వారం కలిపి, ధర పక్కనే కనపడేలా రాయండి.